చూడకుండా రాసిన జవాబు

లావణ్య ఆ కాగితం తెచ్చి వంటగట్టు మీద పెట్టేసరికి నేను కాకరకాయలు తరుగుతున్నాను. ఆ పిల్ల మా ఇంట్లో ఓ గదిలో ఉంటుంది. వాళ్లది జగిత్యాల దగ్గర పల్లెటూరు. ఈ దేశం వచ్చి ఇక్కడి కాలేజీలో సరుకు నిల్వలు, రవాణా మీద రెండేళ్ల కోర్సు చదువుతోంది. వారాంతాల్లో వాన్ అనే ఊళ్లో ఓ వేర్‌హౌస్‌లో పనికి వెళ్తుంది. స్కార్‌బరోలో మా బిల్డింగు ముందు బస్సెక్కి, సబ్‌వే పట్టుకుని, మళ్లీ ఇంకో బస్సెక్కితే గానీ అక్కడికి చేరదు. ఈ నాలుగైదేళ్లుగా మా వైపు బస్సుల నిండా ఇలాంటి పిల్లలే. వీపున సంచి, చెవిలో ఫోను, ఒళ్లో టిఫిను డబ్బా. అందరూ నన్ను ఆంటీ అనే పిలుస్తారు. నాకు అరవై ఆరు దాటినా అమ్మమ్మా అని పిలిచే ధైర్యం ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు.

"జర ఇది చదువుండ్రి ఆంటీ" అంది. చేతులు తుడుచుకుని చదివాను. కాలేజీ వాళ్లు పంపిన ఈమెయిల్‌ని ప్రింటు తీసుకొచ్చింది. ఆమె ఇచ్చిన అసైన్‌మెంటు పాఠ్యపుస్తకంలోని అధ్యాయంతో అక్షరం పొల్లుపోకుండా సరిపోయిందట. గురువారం పది గంటలకు వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలి. తోడుగా ఒకరిని తెచ్చుకోవచ్చు, కానీ ఆ తోడు వచ్చినవాళ్లు మాట్లాడకూడదు. తప్పు రుజువైతే కోర్సులోంచి తీసేసే అవకాశం కూడా ఉంది. కోర్సు పోతే స్టడీ పర్మిట్ ఏమవుతుందో, ఇంటికి ఏ మొహం పెట్టుకుని పోవాలో ఆ పిల్ల అప్పటికే ఆలోచించుకున్నట్టుంది. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి.

"నేను కాపీ కొట్టలే ఆంటీ. మా అమ్మ మీద ఒట్టు. బుక్కు మూసిపెట్టి, చూడకుంట రాసిన."

"మొత్తమా?"

"మొత్తం. నాలుగు పేజీలు. మూడు రోజులు బస్సుల సదువుకున్న. ఒక్క ముక్క పోలే."

నాకు నవ్వు ఆగలేదు. కత్తి పక్కన పెట్టి, గట్టు పట్టుకుని నవ్వాను. "నవ్వుతున్నరా ఆంటీ?" అని ఆ పిల్ల బావురుమంది. ఓసి పిచ్చి మొహమా, నిన్ను చూసి కాదే నవ్వింది. ఆ పిల్ల దృష్టిలో కాపీ అంటే చీటీ పెట్టుకోవడం, పక్కవాళ్ల పేపర్లోకి తొంగిచూడడం. పుస్తకం మూసి, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దించడం అంటే కష్టం, నిజాయితీ, పుస్తకం మీద గౌరవం. ఇక్కడి వాళ్ల దృష్టిలో అది దొంగతనం. ఈ రెండిటి మధ్యా ఎంత దూరం ఉందో నాకు తెలిసినంతగా ఈ బిల్డింగులో ఇంకెవరికీ తెలియదు. ఎందుకంటే ఆ వయసులో నన్ను అడిగినా సరిగ్గా అలాగే రాసి, అలాగే ఒట్టు పెట్టేదాన్ని.

మా ఊళ్లో ఉప్పుడు బియ్యం మిల్లు ఉండేది. మాది గోదావరి కాలవ పక్క ఊరు. మిల్లు వెనక వరసగా పాకలు, అందులో మాదొకటి. నానిన ధాన్యం ఉడుకుతుంటే వచ్చే పులిసిన ఆవిరి వాసనలోనే మేం పుట్టాం, పెరిగాం. బయటివాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు. మాకు మాత్రం ఆ వాసన రాకపోతే ఆ రోజు పని లేదన్నమాట, కడుపులో దిగులు మొదలయ్యేది. మా అయ్య బస్తాలు మోసేవాడు. ఉడికిన ధాన్యాన్ని సిమెంటు గచ్చు మీద ఆరబోసి, ఎండలో కాళ్లతో చాళ్లు తీస్తూ తిరగెయ్యడం మా అమ్మ పని. గచ్చు కాలిపోతుండేది, ధాన్యం గుచ్చుకుంటుండేది. ఇంటికొచ్చాక అమ్మ గుమ్మంలో కూర్చుని కాళ్లు ముందుకు చాపుకుని, వేళ్ల సందుల్లోంచి ధాన్యం గింజలు ఏరి కోళ్లకి వేసేది. ఆ పని అయ్యేదాకా ఎవరూ ఆవిడని పలకరించకూడదు. ఆ పాకలో ఐదుగురం. పుస్తకం తెరిచి పెట్టుకోవడానికి ఎత్తుగా ఉన్నది నీళ్ల బిందె ఒక్కటే.

పొద్దున్నే మిల్లు కూత, మధ్యాహ్నం కూత, సాయంత్రం కూత. మా అమ్మ రోజంతా ఆ కూతల చేతిలో ఉండేది. ఆ కూతా నమ్మకమైంది కాదు. కోతల రోజుల్లో సాయంత్రం కూత చీకటి పడ్డా వినబడేది కాదు, అది యజమాని ఇష్టం. తర్వాత ఎన్నో ఏళ్లకి ఇక్కడ నేను పనిచేసిన బళ్లో ఓ కుర్ర టీచరు, బడి గంటలూ వరసలూ అన్నీ ఫ్యాక్టరీ కూలీలను తయారుచెయ్యడానికి పెట్టినవేనని తీరిగ్గా యాపిల్ కొరుకుతూ చెబితే తలూపాను. ఫ్యాక్టరీ గురించి అతను చదువుకున్నాడు. అందులో నిజం ఉండే ఉంటుంది. కానీ నాకు తెలిసిన బడి గంట ఎవరి ఇష్టాన్ని బట్టీ మోగేది కాదు. నాలుగున్నర అంటే నాలుగున్నరే. మిల్లు యజమాని కూతురు ఇందిరకీ అదే గంట, నాకూ అదే గంట. మా సుభద్రమ్మ టీచరుగారు కూడా ఆ గంట కొట్టకుండా తరగతి వదిలి వెళ్లడానికి లేదు. పెద్దవాళ్లని కూడా కట్టిపడెయ్యగలిగిన నియమం అనేదాన్ని నేను మొట్టమొదట చూసింది అక్కడే.

సుభద్రమ్మ గారు మాకు సోషల్ చెప్పేవారు. పొట్టి మనిషి, గంజిపెట్టిన నేతచీర, ఎండున్నా లేకున్నా గొడుగు, దగ్గరికొస్తే తలనొప్పి మందు వాసన. మాట ముక్కుతో వచ్చేది. చేతిలో అడుగు బద్ద. గోళ్లు పెరిగితే ఒకటి, రిబ్బను లేకపోతే ఒకటి, వరస తప్పితే ఒకటి, వేళ్ల కణుపుల మీద. ఆవిడ పెట్టిన పద్ధతుల్లో మొదటిది బెంచీల మార్పు. సోమవారం వచ్చిందంటే ముందు బెంచీ వాళ్లు వెనక్కి పోవాలి, వెనక వాళ్లు ఒక వరస ముందుకి జరగాలి. ఏడాది పొడుగునా అంతే. ఇందిర వెనక బెంచీలోకి వెళ్లిన వారం మిల్లు గుమస్తా బడికి వచ్చాడు. "అయ్యగారి అమ్మాయికి వెనక నుంచి బోర్డు ఆనడం లేదటండి, ముందు కూర్చోబెట్టమన్నారు" అన్నాడు. సుభద్రమ్మ గారు సుద్దముక్క పట్టుకున్న చెయ్యి దించకుండానే, "అయితే కళ్లద్దాలు పెట్టించమనండి, బెంచీ మారితే చూపు రాదు" అన్నారు. మేమంతా నవ్వితే మా అందరికీ తలో దెబ్బ పడింది. ఇందిరకి కూడా పడింది.

రెండో పద్ధతి వరండా. బడి నాలుగున్నరకి అయిపోతుంది, మిల్లు వదిలేది ఆరుకో ఏడుకో. ఆ మధ్యలో మా పాకల్లో పిల్లలం వీధులెంట తిరగకుండా, మమ్మల్ని మాత్రం ఆవిడ బడి వరండాలో కూర్చోబెట్టేవారు. ఎవరూ చెయ్యమన్న పని కాదు, జీతంలో లేని పని. ఒక్కొక్కరం లేచి నిలబడి పాఠం అప్పజెప్పాలి. "నదులు పర్వతములలో పుట్టి, పల్లమునకు ప్రవహించి, సముద్రమున కలియును." 'కలుస్తాయి' అంటే బద్ద లేచేది. పుస్తకంలో ఎలా ఉంటే అలాగే రావాలి. తప్పు లేకుండా అప్పజెబితే చేతిసంచీలోంచి గుప్పెడు వేయించిన శనగలు తీసి దోసిట్లో పోసేవారు. ఆ శనగల కోసమే నేను ఎనిమిదో తరగతి సోషల్ పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా మింగేశాను. అర్థమైందా అంటే, ఏమో. మిల్లు కూత వినబడ్డాక ఆవిడ గొడుగు తీసుకుని మమ్మల్ని మిల్లు గేటు దాకా నడిపించి, ఎవరి తల్లికి వాళ్లని అప్పగించి వెళ్లిపోయేవారు.

తొమ్మిదిలోకి వచ్చాక మాకు తెలుగుకి కొత్త టీచరు వచ్చింది, మాధవి గారని. చక్కటి మనిషి, చిన్నవయసు, ఒక్కరోజు కూడా చెయ్యెత్తలేదు. "బట్టీ పట్టకండి, మీ సొంత మాటల్లో రాయండి" అంది. మాకు పండగలా అనిపించింది. 'మా ఇంటి సాయంత్రం' అని వ్యాసం ఇచ్చింది. ఇందిర రాసింది: నాన్నగారు వాలుకుర్చీలో పత్రిక చదువుతారని, బాబాయి కాలేజీ కబుర్లు చెబుతాడని, అమ్మ వీణ సవరించుకుంటుందని. మాధవి గారు దాన్ని తరగతిలో చదివి వినిపించింది. నేనూ రాశాను. మాయమ్మ కాళ్లు పుళ్లయితే కిరసనాయిలు రాసుకుంటదని, మా అయ్య ఎనకమాల ఒళ్లు పట్టమంటాడని, కూడు చాలకపోతే మాయమ్మ ఆకలి సచ్చిపోయింది అంటదని. నా కాగితం తిరిగొచ్చేసరికి దాని నిండా ఎర్రసిరా సున్నాలు. మాధవి గారు నా తల నిమిరి, చాలా ప్రేమగా అంది: "ఇలాంటి మాటలు వద్దమ్మా, బాగుండవు. నీ సొంత మాటల్లో రాయి."

అవి నా సొంత మాటలు కాకపోతే మరెవరివో నాకు అర్థం కాలేదు. ఆ సాయంత్రం వరండాలో నా వంతు వచ్చినా లేవలేదు. సుభద్రమ్మ గారు బద్ద పట్టుకుని వచ్చి, నా మొహం చూసి, కాగితం లాక్కున్నారు. నిలబడే చదివారు. మళ్లీ మొదటి నుంచి చదివారు. ముక్కు చీదుకుని, "బాగా రాశావే" అన్నారు. జన్మలో ఆవిడ నోట ఆ మాట వినడం అదొక్కసారే. తర్వాత నా పక్కన మెట్టు మీద కూర్చున్నారు. "ఇవన్నీ నీ మాటలే. కానీ ఇవి రాస్తే పబ్లిక్ పరీక్షలో నిన్ను పాసు చెయ్యరు. ఇందిర ఇంట్లో మాట్లాడుకునేదే పుస్తకంలో ఉంది, కాబట్టి అది దాని సొంత మాటలంటే చెల్లుతుంది. నీకు చెల్లదు. నువ్వు పుస్తకాన్నే నోట్లో పెట్టుకోవాలి. పుస్తకం దానికీ నీకూ ఒకటే. పాసైన తరవాత నీ మాటలు నువ్వు రాసుకో, ఎవడొద్దంటాడో చూస్తాను." ఇంత చెప్పి లేచి, "ఊఁ, నదులు" అన్నారు. నేను ఏడుస్తూనే నదుల్ని సముద్రంలో కలిపాను.

పదో తరగతి మా పాకల్లో పాసైన మొదటి పిల్లని నేను. ఆ తర్వాత చదువు, చిన్న ఉద్యోగం, పెళ్లి, ఆయన ఉద్యోగంతో ఇక్కడికి రావడం, అవన్నీ వేరే కథ. ఈ దేశంలో నాకు దొరికిన పని స్కార్‌బరోలోనే ఓ ప్రాథమిక బడిలో. మొదట మధ్యాహ్నం పిల్లలు భోంచేసే గదిలో కాపలా, తర్వాత క్లాసులో టీచరుకి సాయం. రిటైరయ్యేదాకా అక్కడే. మొదట్లో స్టాఫ్ గదిలో ఎవరూ నన్ను పట్టించుకునేవారు కాదు. టీ కప్పు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి తాగి పోయేదాన్ని. ఓ రోజు ఎవరో మీ దేశంలో బళ్లు ఎలా ఉంటాయని అడిగితే సుభద్రమ్మ గారి అడుగు బద్ద గురించి చెప్పాను. ముక్కుతో మాట్లాడి చూపించాను. వేళ్లు ముందుకు చాపి, దెబ్బ పడ్డట్టు ఎగిరి చూపించాను. గదంతా ఘొల్లుమంది. అయ్యో పాపం అన్నారు, కుర్చీ లాగి కూర్చోమన్నారు. అప్పటినుంచి కొత్త టీచరు ఎవరొచ్చినా, "ఆ బద్ద కథ చెప్పు" అని నన్ను అడిగేవాళ్లు, నేను చెప్పేదాన్ని. వరండా గురించి, శనగల గురించి ఎప్పుడూ చెప్పలేదు. వాటికి నవ్వు రాదు కదా.

ఆ బళ్లో ఉన్నన్నాళ్లూ ఒకటి గమనిస్తూ వచ్చాను. కిచెనర్ అనే ఊళ్లో ఉన్న మా అబ్బాయి కూతుర్ని టైమ్‌టేబుల్ లేని బడిలో వేశారు. గంట లేదు, హోంవర్కు లేదు, ఏ పిల్లకి ఏది తోస్తే అది చేస్తుంది. మా కోడలు మురిసిపోతూ చెబుతుంది, "అత్తయ్యా, అక్కడ ఎవరూ ఏమీ రుద్దరు." సంతోషమే. కానీ వాళ్ల ఇంట్లో ఫ్రిజ్ మీద రంగురంగుల చార్టు ఉంటుంది. సోమవారం ఈత, మంగళవారం పియానో, శనివారం లెక్కల ట్యూషన్, పడుకునే ముందు ఇరవై నిమిషాలు పుస్తకం. ఆ చార్టులో ఐదు నిమిషాలు అటూ ఇటూ అయినా కోడలు ఊరుకోదు. బడిలో లేని కట్టుబాటంతా ఇంట్లో ఉంది, కాబట్టి బడిలో లేకపోయినా ఆ పిల్లకి లోటు లేదు. మా వైపు అపార్ట్‌మెంట్లలో పిల్లల సంగతి అలా కాదు. తల్లి పొద్దున్న షిఫ్టు, తండ్రి సాయంత్రం షిఫ్టు, ఇంట్లో ఏ పూట ఎవరుంటారో తెలియదు. అలాంటి పిల్లలు సోమవారం బడికొచ్చి, గోడ మీద ఆ రోజు ఏం చెయ్యాలో వరసగా రాసిన బోర్డు చూసి, భుజాలు దించి ఊపిరి వదలడం నేను నా కళ్లతో చూశాను. అయినా స్టాఫ్ గదిలో నోరు విప్పి ఈ మాట చెప్పలేదు. చెబితే నా బద్ద కథ చెడిపోయేది.

సరే, లావణ్య సంగతికి వస్తాను. ఇదంతా నాకు తెలుసు కదా, మరి నేనేం చేశాను? ఉన్న తెలివంతా వాడాను. ఇక్కడి వాళ్లకి ఏం చెబితే మనసు కరుగుతుందో ఇరవయ్యేళ్లుగా నాకు కంఠతా వచ్చు. ఆ సాయంత్రం కాకరకాయ కూర మాడిపోయినా చూసుకోకుండా బల్ల దగ్గర కూర్చుని లావణ్య చెబుతున్నట్టుగా ఇంగ్లీషులో ఓ పేజీ లెటర్ రాసిచ్చాను. మా దేశంలో చదువంటే బట్టీయేనని, మా ఉపాధ్యాయులు మమ్మల్ని ఆలోచించనివ్వలేదని, ఒక్క మాట తప్పితే కొట్టేవారని, నేను ఆ పద్ధతికి బలైపోయానని, ఈ దేశంలోనే మొదటిసారి స్వేచ్ఛగా ఆలోచించడం నేర్చుకుంటున్నానని. చదివితే నాకే కళ్లు చెమర్చాయి.

"ఇంకా రెండు రోజులుంది. నోటికొచ్చేలా చదువుకో. కాగితం చూసి చదివితే బాగుండదు" అన్నాను.

లావణ్య ఓసారి చదివి, "మా సార్లు గిట్ల అని రాయాల్నా ఆంటీ?" అంది.

"నీ మొహం. వాళ్లకి జాలి కలగాలా వద్దా? నేను చెప్పినట్టు చెయ్యి."

కాగితం మడిచి తీసుకుపోయింది. గురువారం పొద్దున్న బస్సులో అప్పజెప్పించుకున్నాను. కామా దగ్గర ఆగింది, ఫుల్‌స్టాపు దగ్గర ఊపిరి తీసుకుంది. ఎక్కడా తడుముకోలేదు. శభాష్ అన్నాను.

గది చిన్నది. గుండ్రటి బల్ల, నాలుగు కుర్చీలు. ఆమెకి పాఠం చెప్పే ప్రొఫెసర్ నెరిసిన గడ్డం మనిషి, పక్కన రాసుకోవడానికి ఒకావిడ. నేను నోరు మూసుకుని ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చున్నాను. లావణ్య లేచి నిలబడింది. కూర్చునే చెప్పవచ్చన్నారు, కూర్చోలేదు. నేను రాసిచ్చిన మొదటి రెండు వాక్యాలూ గడగడా చెప్పింది. మూడో వాక్యం, ఉపాధ్యాయులు మమ్మల్ని ఆలోచించనివ్వలేదన్నది, సగంలో ఆపేసింది. మర్చిపోయిందనుకున్నాను. అందిద్దామంటే నేను మాట్లాడకూడదు.

"ఇది కరెక్టు కాదు సార్" అంది లావణ్య. ఆ తర్వాత ఆ పిల్ల ఆగి ఆగి, మాటలు వెతుక్కుంటూ ఇంగ్లీషులో చెప్పిందాన్ని నేనిక్కడ తెలుగులో రాస్తున్నాను. "ఈ లెటర్ నేను రాసింది కాదు. నేను చెప్తా. మా అమ్మ బీడీలు చేస్తది. మా నాన్న గల్ఫ్‌ల ఉంటడు. మా ఇంట్ల ఎవ్వరికీ సదువు రాదు. మా నర్సింహులు సార్ బడి అయినంక కూడా ఇంటికి పోకుంట మాతోటి కూసునేది. ఒక్క మాట తప్పితే కొట్టిండు, నిజమే. కానీ ఆయన మమ్మల్ని ఆలోచించనియ్యలే అనేది అబద్ధం. మీ ఇంట్ల అడుగుతందుకు ఎవరూ లేరు, అందుకే పుస్తకం మొత్తం తలకాయల పెట్టుకోండ్రి, అది మీతోనే వస్తది అన్నడు. నాకు తెలిసిన మంచి పద్ధతి అదే. ఇక్కడ అది తప్పని నాకు తెల్వదు. సారీ సార్. కానీ మా సార్‌ది తప్పు కాదు."

అయిపోయింది, కోర్సు పోయిందనుకున్నాను. ప్రొఫెసర్ గడ్డం నిమురుకుని, "అయితే ఆ అధ్యాయంలో ఏముందో నాకు చెప్పగలవా? పుస్తకం చెప్పినట్టు కాదు" అన్నాడు. లావణ్య బల్ల మీదున్న పెన్నులు దగ్గరికి తీసుకుని వరసగా పేర్చింది. వాళ్ల వేర్‌హౌస్‌లో పెరుగు డబ్బాలు వస్తాయట. కొత్తవాళ్లు కొత్త డబ్బాల్ని ముందు పెట్టేస్తారు, సులువు కాబట్టి. పాతవి వెనకే ఉండి తేదీ దాటిపోతాయి. ఓ రోజు ఓ పాలెట్ మొత్తం, అంటే చెక్కబల్ల మీద పేర్చిన డబ్బాలన్నీ, పారబోయాల్సి వస్తే ఆ పని ఈ పిల్లకే చెప్పారట. "వాసనకి కక్కొచ్చింది సార్. అప్పుడు అర్థమైంది, ముందొచ్చింది ముందు ఎందుకు పోవాల్నో. నాలుగు పేజీల ఉన్నది గదే" అంది. రాసుకుంటున్న ఆవిడ పెన్ను ఆపి నవ్వింది. ప్రొఫెసర్ కూడా నవ్వి, మమ్మల్ని బయట కూర్చోమన్నాడు.

అరగంటకి పిలిచారు. ఆ అసైన్‌మెంటుకి సున్నా. ఫైల్లో ఓ హెచ్చరిక. పది రోజుల్లో మళ్లీ రాసిస్తే దిద్దుతాం గానీ మార్కులు ఉండవన్నారు. కోర్సులోంచి తీసెయ్యడం లేదన్నారు. లావణ్య రెండు చేతులూ జోడించి దండం పెట్టింది. ఇక్కడ ఎవరూ అలా పెట్టరే అని నేను సిగ్గుపడబోయి, ఆగి, నేను కూడా పెట్టాను.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. గండం గడిచిందన్న సంతోషం ఓ పక్క, నా కాగితాన్ని పక్కన పారేసిందన్న ఉక్రోషం ఓ పక్క. చివరికి ఉక్రోషమే నెగ్గింది. "అంత బాగా నోటికి పెట్టి, తీరా అక్కడ ఎందుకు మార్చావే? నా ప్రాణం పోయిందనుకో" అన్నాను.

"లెటర్ మంచిగనే ఉండె ఆంటీ" అంది నెమ్మదిగా. "కానీ అది మీరు రాసింది. చూడకుంట చెప్తాంటే, మళ్లా అదే పని చేస్తున్న అనిపించింది." తప్పు పట్టినట్టు కాకుండా, నిజంగా తెలియక అడిగినట్టు అడిగింది: "మా నర్సింహులు సార్‌ని మీరు ఎన్నడు చూడలే కద. ఆయన గురించి గట్ల ఎట్ల రాసిన్రు ఆంటీ?"

ఆయన గురించి రాయలేదే తల్లీ, ఇంకొకావిడ గురించి రాశాను, అది కూడా అబద్ధమే రాశాను అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. లావణ్య ఫోను తీసి టైము చూసుకుని, ఊళ్లో ఇంకా పడుకుని ఉండరు అనుకుంటూ ఎవరికో కలిపింది. "నమస్తే సార్, లావణ్యను సార్. మంచిగున్నరా సార్?" అంది, సీట్లో నిటారుగా కూర్చుని. అటువైపు పెద్దాయన గొంతు పెద్దది, నాకూ వినబడుతోంది.

"సార్, నాకు సున్నా అచ్చింది సార్."

"సున్నానా? ఏం తప్పు రాసినవే?"

"ఏం తప్పు రాయలే సార్. అన్నీ కరెక్టే రాసిన, బుక్కుల ఉన్నట్టే. ఇక్కడ గట్ల రాయద్దంట. మనకు అర్థమైంది మనమే రాయాల్నంట."

ఆ పెద్ద గొంతు ఈసారి చిన్నగా వచ్చింది. "గట్లనా. నాకు అది నేర్పనీకి రాకపాయె బిడ్డా. నువ్వు రాసినంక నాకు పంపు. ఎట్ల రాయాల్నో నేను గూడ సూస్త."

"పంపిస్త సార్" అని ఫోను పెట్టేసి, లావణ్య అరచేత్తో మొహం తుడుచుకుంది. నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను, ఆ పిల్లకి కనబడకుండా కాదు, కనబడేలాగే ఏడ్చాను. నేను ఫోను చెయ్యాల్సిన మనిషి పోయి చాలా ఏళ్లయింది. ఆవిడ బతికున్నన్నాళ్లూ, పోయాక కూడా, ఆవిడ ముక్కుమాట అనుకరించి, పదిమందినీ నవ్వించి, ఆ నవ్వుకి దొరికిన కుర్చీలో కూర్చుని నేను టీ తాగాను.